నిండుకున్న తుపాకి

నేను మొదటిసారి చూసినప్పుడు కొమురెల్లి చేతిలో ఉన్నది తుపాకి కాదు, రోకలి. లక్సెట్టిపేటకు రెండు కోసుల దూరంలో గోదావరి ఒడ్డు పల్లె అది. సామ్యూల్ అనే మాజీ సిపాయి వాకిట్లో కొమురెల్లి ఆ రోకలిని భుజాన పెట్టి, దించి, చంకలో ఇరికించి, మళ్ళీ దించి అటూ ఇటూ నడుస్తున్నాడు. దడి అవతల నలుగురు నిలబడి నవ్వుతున్నారు.

"ఏందిరా కొమురెల్లీ, అడివిపందులకు అటుకులు దంచి పెడ్తవా?"

"సాలోల్ల పిలగానికి తుపాకి ఇస్తె ఏం జేస్తడే? గొట్టంల దారం పోసి చీరె నేస్తడు."

కొమురెల్లికీ నవ్వొచ్చింది. నవ్వుతూ దడివైపు తిరిగాడు. రోకలి కూడా అతనితో పాటే తిరిగింది.

"ఆగు!" అని అరిచాడు సామ్యూల్. "ఇప్పుడు ఎంతమంది సచ్చిన్రు?"

"ఎవ్వరు సావలే తాతా. ఇది రోకలి."

"రోకలని నీకు ఎరుక. నీ చేతికి ఎరుకనా? దడికాడున్నోల్లు నలుగురు సచ్చిన్రు. మూతి కిందికి! మల్ల మొదలువెట్టు."

చచ్చిన నలుగురూ ఇంకా గట్టిగా నవ్వారు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి నాలుగైదేళ్ళయిన రోజులు. నేను గోదావరి వెంట ఊరూరూ తిరుగుతూ, వానలు పట్టుకుంటే సామ్యూల్ అరుగు మీద ఆగేవాణ్ణి. ఆయన నిజాం ఫౌజులో చేసి, పోలీసు చర్య తర్వాత ఆ ఫౌజే లేకుండా పోతే ఇంటికొచ్చి వంకాయ తోట వేసుకున్నాడు. ఆదివారాలు మెథడిస్టు గుడిలో గంట కొట్టేవాడు. ఆయన్ని గొడుగుతో చూడాలి. ఎంత వానలోనైనా ముడిచిన గొడుగు మొన మనిషి వైపు తిరగనిచ్చేవాడు కాదు. చీపురు అందుకున్నా మొన నేలకే. "గీ ముసలోడు కల్లు ముంతను సుత బోర్లిచ్చి పట్టుకుంటడు" అని ఊళ్ళో ఒక సామెతే పుట్టింది. ఆయన కల్లు ముట్టడు, అది వేరే సంగతి.

ఆ రోజుల్లో తుపాకి మాటెత్తితే జనం గొంతు తగ్గించేవారు. నలభై ఎనిమిది తర్వాత ఆ ప్రాంతమంతా తుపాకులు బావుల్లో పడ్డాయి, గడ్డివాముల్లో దాక్కున్నాయి, కొన్ని గోదావరి ఇసుక కింద ఈనాటికీ తుప్పు పడుతున్నాయేమో. ఒకసారి ఎండాకాలం నదిలో నడుస్తూ కాలికి తగిలినదాన్ని గొట్టం అనుకొని తవ్వాను. అది ఎవరి ఇత్తడి హుక్కానో. అలాంటి చోట ఒక సాలెవాడు సర్కారుకు దరఖాస్తు పెట్టుకొని తుపాకి తెచ్చుకోవాలనుకోవడం చిన్న సంగతి కాదు.

కొమురెల్లి పుట్టింది హుజూరాబాద్ దగ్గర. తండ్రి మగ్గం కూడు పెట్టడం మానేశాక, మేనమామ వదిలిపోయిన రెండెకరాల కోసం తల్లి శంకరవ్వను వెంటబెట్టుకొని ఇక్కడికొచ్చాడు. అడవి అంచు నేల. మక్కజొన్న వేస్తే బంగారంలా పండుతుంది. పండిందని మనకంటే ముందు పందులకు తెలుస్తుంది. మంచె మీద కూర్చొని డబ్బా కొడితే మొదటి ఏడు పారిపోయాయి. రెండో ఏడు డబ్బా ఆగేదాకా ఆగి వచ్చాయి.

"కొట్టు కొడుకా, కొట్టు" అనేది శంకరవ్వ. "భజనకొచ్చినట్టు వస్తున్నయి. రేపటిసంది తాళాలు సుత తెస్తయి."

అప్పుడు కలెక్టరు కచేరీకి దరఖాస్తు పెట్టాడు, పంట కాపలాకు మూతి నుంచి మందు దట్టించే తుపాకి ఒకటి ఇప్పించమని. ఠాణా నుంచి విచారణకు వచ్చిన జమేదారు అడిగింది ఒక్కటే: "పట్టుడు వచ్చునని ఎవరు చెప్తరు నీకు?"

చెప్పేవాళ్ళకు కొదవ లేదు. మంచిర్యాల బజారులో షికారీనని చెప్పుకునే ఒకాయన ఉండేవాడు. పొద్దున్నే పోతే ఒక్కసారి పేల్పించి, మధ్యాహ్నానికల్లా "వీడికి అంతా వచ్చు" అని ఎవరికైనా చెప్పేసేవాడు. అందరూ అతని దగ్గరికే పోయేవారు. కొమురెల్లి మాత్రం సామ్యూల్ దగ్గరికి వచ్చాడు. ఎందుకని నేనడిగితే, చేతులు చూసుకుంటూ చెప్పాడు:

"మా బాపు నన్ను మగ్గం మీద కూసోనియ్యడానికి ముందు ఏడాది కండెలు చుట్టిపిచ్చిండు సారూ. మగ్గం మీద తప్పు చేస్తె చీరె పోతది. మల్ల నేసుకోవచ్చు."

తర్వాతి ముక్క చెప్పలేదు. చెప్పనక్కర్లేదు.

సామ్యూల్ కూడా మొదటిరోజే అడిగాడట: "కాయితం కావాల్నా, చేతికి బుద్ధి కావాల్నా?"

"రెండు కావాలె తాతా."

"రెండోది ముందు. దానికి వానకాలం అంత పడ్తది."

అలా రోకలితో మొదలై, ఆయన సొంత తుపాకి దాకా వచ్చింది నేర్పు. మందు కొలిచి పోయడం, గుడ్డపీలిక దట్టించడం, గుండ్లు, మళ్ళీ పీలిక. వెనక రంధ్రం మీద పెట్టే రాగి టోపీని వేటు వేసే క్షణం దాకా నడుముకున్న గుడ్డ మూటలోంచి తీయకూడదు. టోపీ లేనిదే తుపాకి పేలదు. ముసురు రోజుల్లో ఖాళీ తుపాకిని నింపే ముందు ఒక ఒట్టి టోపీ పేల్చి ఆ రంధ్రంలో చెమ్మ పోగొట్టాలి. అన్నిటికంటే పెద్ద పాఠం కడ్డీది. తుపాకి ఎవరి చేతిలోంచి తీసుకున్నా ముందు ఇనుప కడ్డీని గొట్టంలోకి జారవిడవాలి. ఖాళీ అయితే కడ్డీ అడుగుదాకా దిగుతుంది. మందు ఉంటే జానెడు పైనే నిలబడిపోతుంది.

"నేను ఖాళీ అన్న సుత నమ్మకు. పాస్టరు చెప్పినా నమ్మకు. నోటి మాట గాలి. కడ్డీ మాట ఇనుము" అనేవాడు సామ్యూల్. ఒకసారి కావాలనే నింపి ఉంచి, "ఖాళీదే, తీస్కో" అని ఇచ్చాడు. కొమురెల్లి కడ్డీ వేశాడు. జానెడు పైన ఆగింది. ముసలాయన కళ్ళలో ఆ రోజు కనిపించిన వెలుగు, గంట కొట్టేటప్పుడు కూడా నేను చూడలేదు.

ఇక సక్కుబాయి. కొమురెల్లి భార్య. వాళ్ళూ సాలెవాళ్ళే, కానీ పైనగంగ నది అవతల మరాఠీ సీమలో స్థిరపడిన కుటుంబం. తాతలతో తెలుగు పోయి, పిల్లల నోట మరాఠీ నిలిచింది. కాపురానికి వచ్చినప్పుడు ఆమెకు వచ్చిన తెలుగు దోసెడు. మొగుణ్ణి వాళ్ళ వాడుక ప్రకారం "అహో" అని పిలిచేది. నాటకాల్లో రాజులు తప్ప ఎవరూ అనని ఆ మాట మక్కచేలోంచి వినిపిస్తే ఊరు ఊరంతా తిరిగి, "అహో కొమురెల్లి మహారాజా, రాణిగారు పిలుస్తుండ్రు" అని ఏడిపించేది. అతనికి సిగ్గు. అయినా ఆ పిలుపుకు తప్ప మరో పిలుపుకు అంత త్వరగా పలికేవాడు కాదు.

వచ్చిన కొత్తలోనే ఒక తమాషా జరిగింది. శంకరవ్వ చేనికి పోతూ, "బిడ్డా, బియ్యం నిండుకున్నయి" అని చెప్పింది. కోడలు సంతోషంగా "హో అత్తా" అని తలూపింది. మిట్టమధ్యాహ్నం ఆకలితో తిరిగొచ్చేసరికి పొయ్యి మీద ఎసరు మరిగి మరిగి సగమైంది. కుండలో గింజ లేదు. పిల్ల మాత్రం కుండ పక్కనే నిశ్చింతగా కూర్చుంది.

"బియ్యం తేలేదేందే?"

"నిండుకున్నయన్నరు గద అత్తా! నిండుగ ఉన్నయని చూస్తె లేవు. ఎవరో దొంగ వచ్చిండని..."

శంకరవ్వ నవ్వి నవ్వి కూలబడింది. ఆ ముసలమ్మ జన్మలో "లేదు" అన్న మాట ఇంటి గడప లోపల అనలేదు. "వంటింట్ల లేదనొద్దు బిడ్డా. లచ్చిమి అలుగుతది. అయిపోయిందాన్ని నిండుకున్నది అనాలె" అని నేర్పింది. సక్కుబాయి మళ్ళీ బుద్ధిగా "హో" అంది. వంటింటి మాట వంటింటికి నేర్చుకుంది.

మన భాష పద్ధతే అంత. దీపాన్ని ఆర్పమని చెప్పం, కొండెక్కించమంటాం. పామును పురుగంటాం. వెళ్ళిపోతూ వస్తానంటాం. చలిదేశాల వేటగాళ్ళు ఎలుగుబంటిని దాని పేరుతో పిలవరని, 'తేనె తినేది' అంటారని ఎక్కడో చదివాను. భయమున్న చోటల్లా మనిషి మాటకు ముసుగు వేస్తాడు. ఆ ముసుగు వెనక ఏముందో ఇంట్లో పుట్టినవాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. బయటినుంచి వచ్చినవాళ్ళకు ఎంత చెప్పినా ఒక మూల మిగిలిపోతుంది.

వానలు వెనకబట్టే వేళకు సామ్యూల్ ఒక రోజు అన్నాడు: "ఇగ నీకు ఒక్కటే పాఠం మిగిలింది. మంచె పాఠం. దానికి ఇద్దరు కావాలె. నీ ఇంటిదాన్ని తీస్కరా."

కొమురెల్లి తెల్లబోయాడు. "ఆమెనెందుకు తాతా? లైసెన్సు నా పేరు మీద గదా."

"లైసెన్సు నీ పేరు మీద వస్తది. తుపాకి ఇంటికి వస్తది. ఇంట్ల ఎంతమంది చెయ్యి తగుల్తదో అంతమంది నేర్వాలె."

"ఆడామె తుపాకి పట్టుకున్నదంటె ఇగ మమ్ముల బతకనియ్యరు. ఇప్పటికే మహారాజని పిలుస్తుండ్రు."

"నలుగురు నవ్వుతరు. నవ్వితె ఏం పోతది?"

సక్కుబాయి ఆ రోజు అతనికి సద్ది తెచ్చి దడి దగ్గరే నిలబడి ఉంది. అంతా విన్నది. "నేనొస్త తాతా" అంది. "నాకు భయం లేదు." కొమురెల్లి ఆమె వైపు చూడకుండా, "జర ఆగు, పంట చేతికి రాని, అప్పుడు చూద్దం" అన్నాడు. ఆమె సద్దిగిన్నె కడిగి తీసుకొని పోయింది.

అప్పటికే కంకుల్లో పాలు పడుతున్నాయి. ఆ వారమే జమేదారు మళ్ళీ వచ్చాడు. సామ్యూల్‌ను అడిగాడు. ఆయన, "చెయ్యి మంచిది. ఒక పాఠం బాకీ ఉన్నది. ఒక్క వారం ఆగున్రి" అన్నాడు. జమేదారు నవ్వి, "పందులు ఆగుతయా?" అన్నాడు. నిజమే, పందులు ఆగవు. కొమురెల్లి బతిమాలాడు. పంట కోసిన మర్నాడే ఇద్దరం వస్తామని తల్లిమీద ఒట్టేశాడు. ముసలాయన ఒప్పుకున్నాడు. లైసెన్సు వచ్చింది, దాని వెనకే తుపాకీ వచ్చింది.

మొదటి పదిరోజులు అంతా బాగానే నడిచింది. రెండు పందులు పడ్డాయి, మిగతావి వాగు దాటాయి. నవ్వినవాళ్ళే వచ్చి కూరకు అడిగి పట్టుకుపోయారు. మంచె మీద మొగుడూ పెళ్ళాం ఇద్దరే ఉన్నప్పుడు, పొద్దుపోక, సక్కుబాయి అడిగి అడిగి నింపడం నేర్చుకుంది. దారం పట్టిన చేతులు ఆమెవి కూడా. మందు ఒక్క రవ్వ ఒలకనిచ్చేది కాదు. "టోపీ మాత్రం నేను పెడ్త" అనేవాడు అతను. "హో, టోపీ మీది" అనేది.

ఆ రోజు కొమురెల్లి లక్సెట్టిపేటకు పోయాడు, ఉప్పుకూ టోపీలకూ. పొద్దుగూకే వేళకు సన్నటి తుంపరలో తిరిగొచ్చాడు. ఆమె ఒక్కతే మంచె మీద కాపలా ఉంది. సాయంత్రం వాగు ఒడ్డున పందుల మంద కదలడం చూసింది. అతను రాగానే ఆలస్యం కాకూడదని తానే తుపాకి నింపి పెట్టింది. టోపీ పెట్టలేదు, పెట్టకూడదని తెలుసు. నేర్పినదంతా నేర్పినట్టే చేసింది.

అతను గట్టు మీదికి రాగానే నిచ్చెన దిగి ఎదురొచ్చింది. కింద గుంజకు కట్టిన సద్దిమూట విప్పుతూ సంబరంగా చెప్పింది:

"అహో, మంద వాగుకాడనే ఉన్నది. తుపాకి నిండుకున్నది."

"గట్లనా" అన్నాడు. గబగబా నిచ్చెన ఎక్కాడు.

తుపాకి వంటింటి సామాను కాదు గదా. ఆమె లెక్కలో నిండుకున్నది అంటే నిండింది. అతను మాత్రం శంకరవ్వ కొడుకు. పుట్టినప్పటినుంచి ఆ మాటకు ఒక్కటే అర్థం విన్నాడు. మందు అయిపోయింది, గొట్టం ఖాళీ, మంద దగ్గర్లో ఉంది, తొందరగా నింపాలి. నింపే ముందు చెమ్మ పోగొట్టాలి. కడ్డీ పక్కనే ఉంది, ముట్టలేదు. ఎవరు చెప్పినా నమ్మవద్దన్నాడు సామ్యూల్, తనను నమ్మవద్దన్నాడు, పాస్టరును నమ్మవద్దన్నాడు. పెళ్ళాన్ని నమ్మవద్దని చెప్పడానికి ఆమె అక్కడ ఉండాల్సింది.

రాగి టోపీ పెట్టాడు. వానకాలమంతా రోకలితో నేర్చుకున్న చెయ్యి, దానంతటదే, మూతిని కిందికి దించింది.

సద్దిమూట భుజాన వేసుకొని సక్కుబాయి నిచ్చెన ఎక్కుతోంది.

చప్పుడు విని మేమంతా పంది పడిందనుకున్నాం. సామ్యూల్ ఇంట్లో ఎవరో, "ఇగ రేపు మాంసమే" అని కూడా అన్నారు. తర్వాత, చప్పుడు విని చేలోకి పోయిన శంకరవ్వ కేక వినిపించింది.

మేము పోయేసరికి సక్కుబాయి తల కొమురెల్లి ఒళ్ళో ఉంది. ఊపిరి లేదు. అతను ఏడవడం లేదు. సామ్యూల్‌ను చూసి, పాఠం అప్పజెప్పే పిల్లవాడిలా, "తాతా, మూతి కిందికే పెట్టిన" అన్నాడు. "నువ్వు చెప్పినట్టే. కిందికే పెట్టిన తాతా."

ముసలాయన వంగి మంచె కింద పడి ఉన్న తుపాకి తీసుకున్నాడు. అప్పుడు కూడా, ఆ వానలో, కడ్డీ వేసి చూశాడు. అడుగుదాకా దిగింది.

మర్నాడు పంచనామా అయింది. మేము చూసింది చెప్పాం, ఆమె అన్న మాట కొమురెల్లి చెప్పాడు, ప్రమాదమని రాసుకున్నారు. ఆమె పుట్టింటివాళ్ళు పైనగంగ అవతలినుంచి వచ్చేసరికి ఆలస్యమైంది. ఆమె తల్లి మరాఠీలో ఏడిచింది; శంకరవ్వ తెలుగులో. ఒకరి మాట ఒకరికి తెలియకుండా ఇద్దరూ ఒకరినొకరు పట్టుకొని కూర్చున్నారు.

తుపాకిని ఠాణాకు అప్పజెప్పి తిరిగి వస్తూ దారిలో సామ్యూల్ నాతో ఆ బాకీ పాఠం చెప్పాడు. అడగకుండానే చెప్పాడు. "మంచె మీద మూతి పైకి పెట్టాలె సారూ. ఆకాశం దిక్కు. నేల మీద కింద అంటె మన్ను. మంచె మీద కింద అంటె మనిషి. ఒకల్లను నిచ్చెన ఎక్కిచ్చి, ఒకల్లను పైన కూసోవెట్టి చూపెడ్తె గని అది చేతికి ఎక్కది. అందుకే ఇద్దరు కావాలన్న." కొంతదూరం పోయాక ఆగి, "నా నోటితోనన్న చెప్పి పంపాల్సింది. నోటి మాట గాలని..." అన్నాడు. ఆ తర్వాత ఆయన ఎవరికీ తుపాకి నేర్పలేదు. గంట కొట్టడం మానలేదు. గొడుగు మాత్రం పట్టుకోవడం మానేసి తడిసే తిరిగేవాడు.

ఆరేడేళ్ళ తర్వాత మళ్ళీ ఆ దారిన వెళ్ళాను. సామ్యూల్ పోయాడు. నస్పూర్ బొగ్గు గనుల వైపు పోయే కూలీల లారీలు కొత్తగా దుమ్ము లేపుతున్నాయి. కొమురెల్లి చేను కౌలుకిచ్చి మళ్ళీ మగ్గం పెట్టుకున్నాడు. పెళ్ళి చేసుకోలేదు. నేను వాళ్ళింట్లో కూర్చుని ఉండగా, చాన్నాళ్ళకు ఆ ఊరు వచ్చిన గాజులామె గడపలో గంప దించి, "సక్కుబాయి ఉన్నదా అవ్వా? ఆమెకు నచ్చే పచ్చయి తెచ్చిన" అంది.

శంకరవ్వ చేటలో పప్పులోంచి రాళ్ళు ఏరుతూ తల ఎత్తకుండా, "లేదు" అంది.

గాజులామెకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. గంప ఎత్తుకొని పోయింది.

నాకు భోజనం పెట్టాలని ముసలమ్మ లేచింది. బియ్యపు కుండ దాకా పోయి, మగ్గం వైపు తిరిగి, "బియ్యం లేవు కొడుకా. పోయి తేవాలె" అని స్పష్టంగా చెప్పింది. ఆ ఇంట్లో ఇప్పుడు అన్నిటికీ అదే మాట. ఉప్పు లేదు. నూనె లేదు. లక్ష్మి అలిగినా సరే.

కొమురెల్లి మగ్గం గుంటలోంచి లేచి వచ్చాడు. కుండ ముందు కూర్చొని మోచేయి దాకా చెయ్యి లోపలికి పెట్టాడు.

"లేవని చెప్పిన గద బిడ్డా" అంది తల్లి.

"ఇన్ననే" అన్నాడు. చెయ్యి మాత్రం తీయలేదు. కుండ అడుగంతా వేళ్ళతో తడుముతూ చాలాసేపు అలాగే కూర్చున్నాడు.